వైసుకు మెత్తని దవడలు

మగ్గము నడచు ప్రతి షెడ్డులోను ఒక మూల బల్లకు బిగించిన వైసు ఒకటి ఉండును. జాబరు వచ్చినను, మిస్త్రీ వచ్చినను, ఇంటివారే పానా పట్టినను మరమ్మతు పని జరుగునది దాని వద్దనే. నాడె మొనను సాపుచేయుట, పికరు నడచు కడ్డీని మెరుగుపెట్టుట, బుష్షును గీకుట, వంగిన జకార్డు కొక్కెమును తిన్నగా చేయుట, వీటికన్నిటికి ముందుగా వస్తువును కదలకుండ పట్టుకొనవలెను గదా. ఆ పట్టుకొనుటలోనే వస్తువు చెడిపోవుచున్నదని చెప్పినచో కొందరు నవ్వుదురు. కాని షోలాపూరు, భివండి మరమగ్గముల షెడ్లలోనైనను, సేలము, బరంపురము చేతిమగ్గముల ఇండ్లలోనైనను, మూలకు వేసిన పాత నాడెలను చేతిలోకి తీసికొని చూడుడు. మొనకు వెనుక చెక్కమీద గళ్ళు గళ్ళుగా నొక్కుడు గుర్తులు కనుపించుట అరుదు కాదు. అవి పడుగు పెట్టినవి కావు, అచ్చు పెట్టినవి కావు. అవి వైసు పండ్ల గుర్తులు.

వైసు శరీరము పోత ఇనుముతో చేసినది. నోటిలో మాత్రము ఎదురెదురుగా రెండు ఉక్కు పలకలు మరలతో బిగించి యుండును. ఆ పలకలకు పదను పెట్టి గట్టిపరచి, ముఖముపై ఐమూలగా గాడులు కోసి పండ్లు తీయుదురు. ముడి ఇనుమును కోయునప్పుడు, రాచునప్పుడు అది జారకుండుటకై చేసిన ఏర్పాటిది. అందులో తప్పేమియు లేదు. అయితే పండ్ల కొనలు మాత్రమే వస్తువును తాకును గనుక బిగింపు బలమంతయు ఆ చిన్న చిన్న చుక్కలపై పడి లోనికి దిగును. మెత్తని ఇనుమే గుర్తుపడునప్పుడు కొయ్య, ఇత్తడి, నునుపుపట్టిన కడ్డీ ఏపాటివి? మెత్తని దవడ అనగా ఈ పండ్లకును మన వస్తువునకును నడుమ పెట్టు తొడుగు. అది బలమును వెడల్పుగా పరచును; తాను గుర్తుపడును గాని వస్తువును పడనీయదు. ఐ.టి.ఐ.లలో దీనిని వైసు క్లాంపు అని నేర్పుదురు, కొన్ని షెడ్లలో సాఫ్ట్ జా అందురు.

దీనివలన కలుగు నష్టమెంత యని అడుగవచ్చును. నాడె క్రింది పడుగు పోగులమీదుగనే పరుగెత్తును, దాని వీపు అచ్చును ఒరసికొని పోవును. సాదా మరమగ్గము నిమిషమునకు 100 పిక్కులు మాత్రమే వేయునని తక్కువ లెక్క కట్టినను, 8 గంటల పాళీలో నాడె 48,000 సార్లు పడుగు నడుమ పోవును. దాని మొనమీదనో ఒంటిమీదనో గోటికి తగిలీ తగలని ముల్లు ఒకటి లేచి యున్నదనుకొందము. అది పట్టుకొన్న పోగు తెగును. తెగకున్నను నూగు లేచి పక్క పోగుతో చుట్టుకొనును. నేసెడివారు నూలును తిట్టుదురు, గంజి సరిగా పట్టలేదని సైజింగువారిని తిట్టుదురు. నాడెను చూచువారు తక్కువ. పోగులు అతుకుటకు మగ్గము నిలిచిన సేపు మజూరీ లేదన్న సంగతి మనవారికి మేము చెప్పనక్కరలేదు. పట్టు చీరెలోనైనచో ఆ మచ్చ బట్టపైననే కనుపించి ధర విరుగును.

మెత్తని దవడల ఎన్నికకు సూత్రము ఒక్కటే. పట్టెడి వస్తువుకంటె దవడ మెత్తగా ఉండవలెను. పని చేయునప్పుడు వస్తువు ఊగనంత గట్టిగాను ఉండవలెను. ఈ రెండవ మాటను మరచినవారే రబ్బరు ముక్కనో, గుడ్డ మడతనో పెట్టి బిగింతురు. రబ్బరు సాగును. ఆకురాయి ఆడించునప్పుడు వస్తువు ముందుకు వెనుకకు కదలును, కదలినకొలది ఇంకను బిగింతురు. తుదకు గుడ్డ చిరిగి పండ్లు వస్తువునే తాకును. సమముగా రాయదలచిన ముఖము గుండ్రముగా తయారగును.

మా అభిప్రాయములో మగ్గపు పనికి మొదట కావలసినది కొయ్య దవడలు. ఖర్చు తక్కువ, చేయుట తేలిక, చెడినను చింత లేదు. మామిడి, వేప వంటి చెక్క చాలును. టేకు మంచిదే గాని దానిలోని నూనెవలన పైన తోలు అతికించినచో జిగురు సరిగా పట్టదు. తుమ్మ గట్టిది, కడ్డీలను పట్టు గాడి దిమ్మెలకు అదియే ఉత్తమము. కొయ్యపై తోలు పరచినచో నాడెవంటి మెరుగుపెట్టిన వస్తువునకు అంతకంటె మంచి పట్టు లేదు. తోలుకొరకు బజారుకు పోనక్కరలేదు. పాత తోలు పిక్కింగు పట్టీలు, అరిగిన తోలు పికర్లు షెడ్డులో ఏ డబ్బాలోనైన దొరకును. వాటిని నానబెట్టి, బల్లపై బరువు క్రింద ఆరనిచ్చినచో చదునగును.

ఇనుప సామానుకు అల్యూమినియము మేలు. కిటికీలు, తలుపులు చేయు దుకాణములలో ఎల్ ఆకారపు అల్యూమినియము యాంగిలు తుండ్లు మిగులుచుండును. అంచులు 25 మిల్లీమీటర్లు, మందము 3 మిల్లీమీటర్లు ఉన్న తుండు సరిగా సరిపోవును. ఇత్తడి, కంచు బుష్షులకు రాగి రేకు పెట్టుట వాడుక. రాగి వాటికంటె మెత్తన, అల్యూమినియముకంటె ఎక్కువకాలము మన్నును. అయితే రాగి ధర పెద్దది. బుష్షుల పని తరచుగా ఉన్నవారు ఒక జత చేయించుకొనవచ్చును, తక్కినవారికి అల్యూమినియముతోనే జరుగును. అరిగిన నైలాను పికర్లను చదునుగా కోసి దవడలుగా వాడువారి ఉపాయము మాకు నచ్చినది; వేడి తగులు పనికి మాత్రము అవి పనికిరావు, కరగును. బజారులో వెనుక అయస్కాంతము అమర్చిన తయారు దవడలు కూడ దొరకుచున్నవి. కొనువారు తమ వైసు దవడ వెడల్పు కొలిచి అడుగవలెను. 4 అంగుళముల వైసు అనగా దవడ వెడల్పు సుమారు 100 మిల్లీమీటర్లు.

సీసము సంగతి వేరుగా చెప్పవలసియున్నది. సీసపు దవడలు పట్టులో బాగుండునని, పాత బ్యాటరీ పలకలు కరగించి పోసికొనవచ్చునని సలహా చెప్పువారు ఇప్పటికిని కలరు. మన ఇండ్లలో ఈ పని చేయనేరాదు. సీసపు పొడి చేతికి అంటి, చేతినుండి అన్నమునకు, నోటికి చేరును. కరగించునప్పుడు పైకి వచ్చు పొగ, తెట్టు ఇంకను చెడ్డవి. బ్యాటరీలో ఆమ్లము కూడ ఉండును. శరీరములో చేరిన సీసము రక్తమును, నరములను చెరచును. పిల్లల మెదడు ఎదుగుదలకు దానివలన కలుగు హాని తిరిగి సరిదిద్దరానిది. పెద్దవారికంటె పిల్లల కడుపు సీసమును ఎక్కువగా పీల్చుకొనును. మగ్గము ఒక గదిలో, వంట పక్క గదిలో, కండెలు చుట్టు పిల్లలు నడుమ గడపలో ఉండు మన కాపురములలో ఒక జత దవడలకొరకు ఇంత అపాయము తెచ్చుకొననేల? ఎవరియొద్దనైన పాత సీసపు దవడలు ఉన్నచో వాటిని రాయరాదు, కరగించరాదు. కాగితములో చుట్టి పిల్లలకు అందనిచోట ఉంచి, పాత బ్యాటరీలు తిరిగి తీసికొను దుకాణమువారికి అప్పగించవలెను.

ఇక తయారీ. కొయ్య దవడల జతకు వైసు దవడ పొడవున్న రెండు చెక్కముక్కలు కావలెను. మందము 20 మిల్లీమీటర్లు. ఎత్తు కొలుచుటకు వైసు నోరు తెరచి, అడుగున కనుపించు జారుడు దిమ్మె మీదినుండి దవడ పై అంచువరకు కొలిచి 10 మిల్లీమీటర్లు కలుపవలెను. చెక్క నార పొడవుగా, అనగా దవడ వెంబడి పోవునట్లు చూడవలెను. నార నిలువుగా ఉన్నచో అంచులు పెచ్చులుగా లేచును. రెండు ముక్కలను నిలువుగా ఎదురెదురుగా పెట్టి అడుగున ఒక తోలు పట్టీని చిన్న మేకులతో రెండిటికిని కొట్టవలెను. ఇది మడతబందువలె పనిచేయును. వైసు తెరచినప్పుడు రెండును కలసి నిలుచును, ఒకటి కాలిమీద పడదు. ఇంత చిన్న ఉపాయము లేకనే అనేకులు చెక్కలను రెండు చేతులతో పట్టుకొని, వస్తువును మూడవ చేతితో పట్టుటకు ఇంట్లోవారిని కేకవేయుచుందురు.

ముఖములపై తోలు అతికించుటకు చెప్పులు కుట్టువారు వాడు రబ్బరు జిగురు మంచిది. చెక్కకు, తోలుకు రెండిటికిని పూసి, తడి ఆరి జిడ్డుగా ఉన్నప్పుడు అతికి, వైసులోనే బిగించి ఒక రాత్రి ఉంచవలెను. మేకులు కొట్టరాదు. మేకు తల ఎంత లోనికి దింపినను తోలు అరిగిన కొన్నాళ్ళకు బయటపడి, మనము తప్పించుకొనదలచిన గుర్తునే పెట్టును.

కడ్డీలకు చదును దవడలు చాలవు. గుండ్రని కడ్డీ చదును ముఖమును ఒక్క గీతమీదనే తాకును గనుక తిరుగును. తిరుగకుండ బిగించినచో నొక్కుపడును. పికరు నడచు కడ్డీ గీచుకొన్నచో ఆ గీతే రంపమువలె పికరు రంధ్రమును తినివేయును. దీనికి తుమ్మచెక్క జత ఒకటి వేరుగా చేసికొనవలెను. రెండు దిమ్మెల నడుమ 2 మిల్లీమీటర్ల అట్టముక్క పెట్టి వైసులో బిగించి, సరిగా అతుకుమీద, మీ కడ్డీ లావుకు సమానమైన బర్మాతో నిలువుగా రంధ్రము వేయవలెను. అట్ట తీసివేసినచో ఒక్కొక్క దిమ్మెలో సగముకంటె కొంచెము తక్కువ గాడి మిగులును. కడ్డీని పెట్టి బిగించినప్పుడు దిమ్మెలు ఒకదానినొకటి తాకకముందే కడ్డీ చుట్టును పట్టు వచ్చును. అట్ట పెట్టుట మరచినచో దిమ్మెలే ఒకదానికొకటి ఆనుకొని కడ్డీ లోపల వదులుగా తిరుగును. ఇదే జతకు మీ షెడ్డులో ఉన్న మూడు నాలుగు లావులకు రంధ్రములు వేసికొనవచ్చును. రంధ్రములు దగ్గరదగ్గరగా ఉంచినచో దిమ్మె నారవెంట చీలును.

అల్యూమినియము యాంగిలును దవడ పొడవుకు కోసి, అంచులు రాచి, ఒక రెక్క దవడ నెత్తిన, ఒక రెక్క ముఖమున వచ్చునట్లు పెట్టినచో పని అయినట్లే. నెత్తిమీది రెక్క అడుగున 1 లేక 2 మిల్లీమీటర్ల మందముగల అయస్కాంతపు బిళ్ళలు రెండు అతికించినచో వైసు తెరచినప్పుడు జారిపడదు. యాంగిలును మరల వంచబోరాదు, ఆ రకము గట్టిది, మూల విరుగును. రేకుతో చేయువారు పద్ధతి మార్చవలెను. దవడకంటె ఇరువైపుల 15 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుంచి, రెండు రేకులను వీపు వీపు కలిపి వైసులో నిలువుగా బిగించి, పైన మిగిలిన భాగమును చెక్క సుత్తితో ఒకదానిని ఇటు, ఒకదానిని అటు దవడల నెత్తిమీదికి మెల్లగా వంచవలెను. తరువాత ఇరుచివరల చెవులను దవడ పక్కలకు మడచినచో తొడుగు కదలదు.

రేకు వంచుటకు ముందు మెత్తపరచుట అవసరము. రాగిని మసక ఎరుపు వచ్చువరకు కాచి నీటిలో ముంచినను, గాలికి వదలినను మెత్తనగును. ఈ విషయములో అది ఉక్కుకు విరుద్ధము. వాడినకొలది రాగి మరల గట్టిపడును, అప్పుడు మరల కాచుకొనవచ్చును. అల్యూమినియము ఎరుపెక్కదు; రంగు మారునని చూచుచుండగనే కరగి కూర్చుండును. దానిపై బట్టల సబ్బు ముక్కతో గీత గీసి రెండవవైపునుండి కాచవలెను. గీత ముదురు గోధుమరంగునుండి నల్లబడుట మొదలైనప్పుడు మంట తీసివేయవలెను.

వాడుకలో నాడెకు సంబంధించిన ఒక జాగ్రత్త మిగిలినవాటికంటె ముఖ్యము. నాడె నడుమ కండె ఉండు తొట్టి బోలు. అక్కడ అడ్డముగా బిగించినచో తోలు దవడలున్నను పక్క గోడలు లోనికి వంగును, లేక సన్నని పగులు వచ్చును. గుర్తు పడలేదని సంతోషింతుము, నాడె మాత్రము ఆనాటినుండి తిన్నగా పోదు. మొన దగ్గరనున్న గట్టి భాగమునే పట్టవలెను. నడుమ పట్టక తప్పనిచో తొట్టిలో సరిగా ఇమిడెడి చెక్కముక్కను పెట్టి అప్పుడు బిగించవలెను. మొన ఉక్కును సన్నని ఎమెరీ కాగితముతో పొడవు వెంబడి రుద్దవలెను, చుట్టు తిప్పి రుద్దరాదు. పని ముగిసినదా యని తెలియుటకు వ్రేలిని నమ్మరాదు. కొంచెము దూదిని మొననుండి వెనుకకు ఒకసారి, వెనుకనుండి మొనకు ఒకసారి లాగి చూచినచో, వ్రేలికి తెలియని ముల్లుకు కూడ ఒక పీచు చిక్కును.

బుష్షులు పలుచనివి, గుండ్రము చెడి కోడిగ్రుడ్డువలె అగునంత బిగించనక్కరలేదు. మరలున్న కడ్డీని పట్టుటకు దాని నట్టునే ఒకవైపు రంపముతో చీల్చి, కడ్డీకి తిప్పి, నట్టును వైసులో బిగించినచో చీలిక మూసికొని మరలను చెడకుండ పట్టును. దవడలో ఒక చివరన మాత్రమే వస్తువును పట్టవలసివచ్చినప్పుడు రెండవ చివరన అంతే మందముగల ముక్క పెట్టవలెను, లేనిచో వైసు నోరు వంకరపడి ఎంత మంచి దవడయైనను ఒక అంచుననే నొక్కును. టంకము పెట్టునప్పుడు రాగి, అల్యూమినియము దవడలు వేడిని లాగివేయును, ఆ పనికి కొయ్యయే మేలు. అచ్చును, అనగా కొందరు పన్నె అనునది, ఏ దవడలతోనైనను వైసులో పెట్టరాదు. దాని పలుచని రేకులు ఒకసారి ఒరిగినచో బట్టలో నిలువు చార వచ్చును.

మెత్తని దవడకు ఉన్న గుణమే దానికి దోషము కూడ. ఇనుప పొడి దానిలో దిగబడి ఉండిపోవును. నిన్న ఇనుప కడ్డీని రాచిన అల్యూమినియము దవడలో నేడు ఇత్తడి బుష్షును పెట్టినచో ఆ పొడియే పండ్లవలె పనిచేయును. కావున ఇనుమునకు ఒక జత, ఇత్తడికి ఒక జత, నాడెకు తోలు జత వేరువేరుగా ఉంచి, తల అంచున రంగు గుర్తు పెట్టుట మంచిది. లోహపు దవడలను వాడిన ప్రతిసారి ఇత్తడి తీగల బ్రష్షుతో తుడువవలెను. తోలుపై పొడి దిగినచో గట్టిగా తుడిచి ప్రయోజనము లేదు, తోలు మార్చుటయే. రాగి దవడలను తోలు దవడలతో కలిపి ఒకే డబ్బాలో వేయరాదు. రాగికి పచ్చని చిలుము పట్టి తోలుకు అంటును, తోలునుండి నాడెకు, నాడెనుండి తెల్ల బట్టకు చేరును. యానాము వంటి తేమ ఎక్కువగల ఊళ్ళలో ఏ లోహపు దవడలనైనను రాత్రి వైసులో వదలక తీసి తుడిచి పెట్టవలెను.

హాక్సాతో దుక్క ఇనుమును కోయునప్పుడు, సుత్తితో కొట్టి పట్టీ వంచునప్పుడు, బిగుసుకొన్న బోల్టును విప్పునప్పుడు మెత్తని దవడలు తీసివేయవలెను. అక్కడ వైసు పండ్లే కావలెను. తొడుగులమీద బలవంతము చేసినచో వస్తువు ఎగిరి చేతికి తగులును. బల్ల పక్కన ఒక మేకు కొట్టి వాటికొక తావు ఏర్పరచినచో, తీసినప్పుడు మూలకు పోక మరుసటి పనికి చేతికందును.